ఉన్న డిజిటల్ పాఠాలను ముందు సర్దండి: రెండు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థల సంచాలకులకు, ఆ సంస్థల్లో డిజిటల్ పాఠాల పని చూస్తున్న అధికారులకు నమస్కారం.

నేను తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రాలు బోధించే స్కూల్ అసిస్టెంట్‌ని. ఈ లేఖలో ప్రధానంగా అడుగుతున్నది ఒక్కటే. రాబోయే విద్యా సంవత్సరంలో కొత్త వీడియో పాఠాల తయారీకి మీరు పెట్టదలచిన డబ్బులోనూ, మనుషుల సమయంలోనూ కనీసం సగాన్ని ఇప్పటికే ఉన్న డిజిటల్ పాఠాలను వర్గీకరించడానికి, వాటి తప్పొప్పులు చూడడానికి, కాలం చెల్లినవాటిని తీసేయడానికి మళ్లించండి.

పాఠాలకు మనకు కరువు లేదు. 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు బడి పాఠాల జాతీయ డిజిటల్ వేదిక ‘దీక్ష’ను ప్రారంభించిన తర్వాత పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు అచ్చువేయడానికి ముందుకొచ్చిన తొలి రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. 2020లో బడులు మూతపడినప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యావారధి’ నడిచింది. అంతకుముందే, 2013లో, జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) వారు స్వేచ్ఛా విద్యా వనరుల జాతీయ భాండాగారాన్ని తెరిచారు. ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే జాతీయ డిజిటల్ లైబ్రరీ 2018లో జాతికి అంకితమైంది. వీటికి తోడు ఉపాధ్యాయులు సొంత ఖర్చుతో నడిపే యూట్యూబ్ ఛానెళ్లు ఉన్నాయి, వాట్సాప్ గ్రూపుల్లో ఏడాది పొడవునా తిరిగే పీడీఎఫ్ స్టడీ మెటీరియళ్లూ బిట్ బ్యాంకులూ ఉన్నాయి, తరగతి గదుల్లో బిగించిన ఐఎఫ్‌పీ (స్పర్శ తెర) ప్యానెళ్లతో పాటు వచ్చిన కంటెంట్ ఉంది. ఇన్ని ఉండి కూడా, రేపు మూడో పీరియడ్‌లో చెప్పబోయే పాఠానికి ఏది చూపించాలో తేల్చుకోవడానికి ఈ రాత్రి నేను వెతుక్కోవలసిందే. వెతికి తెచ్చినది మంచిదో కాదో చెప్పే ఆధారం నా సొంత చదువు తప్ప మరొకటి లేదు.

ఒక ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను. పదో తరగతిలో ‘మానవుని కన్ను – రంగుల ప్రపంచం’ పాఠంలో కంటి కటకపు నాభ్యంతరం (కటకం నుంచి నాభికి ఉండే దూరం) ఎంతవరకు మారగలదో లెక్కగట్టే భాగం ఉంది. కటకానికీ రెటీనాకూ మధ్య దూరం 2.5 సెం.మీ. అనుకుంటాం. వస్తువు చాలా దూరంలో ఉంటే నాభ్యంతరం 2.5 సెం.మీ. అవుతుంది. వస్తువు స్పష్టదృష్టి కనీస దూరమైన 25 సెం.మీ. దగ్గర ఉన్నప్పుడు, వస్తుదూరానికి రుణ గుర్తు పెట్టి కటక సూత్రంలో ప్రతిక్షేపిస్తే 2.27 సెం.మీ. వస్తుంది. తరగతిలో చూపిద్దామని నేను తెరిచిన ఒక వీడియోలో ఆ రుణ గుర్తు ఎగిరిపోయింది. జవాబు 2.78 సెం.మీ. అని వచ్చింది, దాని చుట్టూ గడి గీసి మరీ చూపించారు. అంకగణితం చూస్తే ఎక్కడా పొరపాటు కనిపించదు. కానీ ఆ జవాబు నిజమైతే దగ్గరి వస్తువును చూడడానికి మన కంటి కటకం మరింత పలచబడాలి. కటకం ఆకారాన్ని మార్చే సిలియరీ కండరాలు సంకోచించినప్పుడు జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం, కటకం మందమవుతుంది. అంటే ఇక్కడ పోయింది ఒక గుర్తు మాత్రమే కాదు, వస్తువు దూరాన్ని బట్టి కటకం నాభ్యంతరాన్ని మార్చుకునే ‘సర్దుబాటు’ అనే భావనే తలకిందులైంది.

ఆ వీడియోలో బొమ్మలు అందంగా ఉన్నాయి, గొంతు స్పష్టంగా ఉంది, కింద మెచ్చుకోలు వ్యాఖ్యలూ దండిగా ఉన్నాయి. నన్ను కలవరపెట్టింది అదే. ఎందరు చూశారు, ఎందరికి నచ్చింది అన్న అంకెలు ఇలాంటి తప్పును ఏనాటికీ పట్టుకోలేవు, ఎందుకంటే లైకు కొట్టేది ఆ పాఠం ఇంకా రాని పిల్లలు. తప్పని గుర్తించగలిగిన పిల్లవాడికి అసలు ఆ వీడియోతో పనే ఉండదు. కాబట్టి నక్షత్రాల రేటింగులను, వీక్షణల సంఖ్యను నాణ్యతకు కొలమానంగా మీ నివేదికల్లో వాడడం మానేయాలని నా మొదటి విన్నపం. ‘దీక్ష’లో పాఠం ప్రచురించే ముందు ఒక పరిశీలన ఉంటుందని తెలుసు. అయితే ఆ పరిశీలకులు ఏం చూశారో, దేనికి అభ్యంతరం చెప్పారో పాఠం వాడే ఉపాధ్యాయుడికి కనబడదు. ప్రచురించిన రెండేళ్లకు మళ్లీ ఎవరైనా తిరిగి చూశారో లేదో అసలే తెలియదు.

మూల్యాంకనానికి ఏ ప్రశ్నలు అడగాలన్నది మనం కొత్తగా కనిపెట్టవలసిన పని కాదు. కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం 1997లో మొదలుపెట్టిన ‘మెర్లాట్’ అనే భాండాగారంలో అదే సబ్జెక్టు బోధించే అధ్యాపకులు వనరులను మూడు కోణాల్లో పరిశీలిస్తారు: విషయం సరైనదేనా, బోధనకు ఎంతవరకు ఉపకరిస్తుంది, వాడడం ఎంత తేలిక. సమీక్షను రాతలో పెడతారు, అది అందరికీ కనబడుతుంది. మన బడులకు ఈ మూడూ అవసరమే గానీ ఇవి చాలవు. మన పాఠ్యపుస్తకంలోని సంజ్ఞా సంప్రదాయం (దూరాలకు ధన, రుణ గుర్తులు పెట్టే పద్ధతి), పటాలు, పారిభాషిక పదాలు ఆ వీడియోలోనూ ఉన్నాయా అన్నది మాకు విషయ శుద్ధి తర్వాత అంతటి ముఖ్యమైన ప్రశ్న. నెట్ లేనప్పుడు నడుస్తుందా అన్నది ఇంకొకటి. నిడివి సంగతి కూడా చూడాలి. నలభై నిమిషాల పీరియడ్‌కు ముప్పై అయిదు నిమిషాల వీడియో తయారుచేసేవారు, తరగతిలో ఒక ఉపాధ్యాయుడు ఉంటాడన్న సంగతే మరిచిపోయారనుకోవాలి. నాకు కావలసింది చాక్‌పీసుతో చూపలేని దాన్ని చూపించే నాలుగు నిమిషాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది తరగతిలో పెట్టి చూడడం. ఒక వీడియో చూపించే ముందు పిల్లలను ఒకే ప్రశ్న అడగవచ్చు: కుంభాకార కటకం వైపు వస్తువును నాభి దాకా మెల్లగా జరుపుతూ వస్తే ప్రతిబింబం ఎటు కదులుతుంది, దాని పరిమాణం ఏమవుతుంది? జవాబులు చీటీల మీద రాయించి, వీడియో అయ్యాక అదే ప్రశ్న ఇంకో రూపంలో అడిగితే చాలు. ముందు తప్పు రాసినవాళ్లలో ఎక్కువమంది తర్వాతా తప్పే రాస్తే ఆ వీడియో ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే. ఇలా మూడు నాలుగు బడుల్లో పరీక్షించి రాసిన అరపేజీ అనుభవం వెయ్యి లైకుల కన్నా నాకు ఎక్కువ పనికొస్తుంది.

అన్ని రకాల వనరులనూ ఒకే కొలతతో కొలవలేం. అమెరికాలోని కొలరాడో బౌల్డర్ విశ్వవిద్యాలయంలో, నోబెల్ బహుమతి పొందిన భౌతికశాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ‘ఫెట్’ అనుకరణ ప్రయోగాల్లో కొన్ని తెలుగులోనూ దొరుకుతున్నాయి. పిల్లవాడు తన వేలితో కటకాన్ని జరిపి కిరణాలు ఎలా వంగుతాయో చూస్తాడు. ఇలాంటిది వీడియో కంటే ఎన్నో రెట్లు మేలని నా అభిప్రాయం. అయితే చేతికి ఒక పని పత్రం ఇవ్వకుండా వదిలేస్తే పిల్లలు పది నిమిషాలు రంగులు మార్చి ఆడుకుని లేచిపోతారు. కాబట్టి అనుకరణ ప్రయోగాన్ని పరిశీలించేటప్పుడు దానికి జత చేయవలసిన కృత్యం ఏమిటో కూడా రాయాలి, అది లేకపోతే ఆ పరిశీలన అసంపూర్ణమే.

ఇక సర్దడం సంగతి. గ్రంథాలయోద్యమం నడిచిన నేల మనది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిశాయి. అలాంటి గ్రంథాలయంలో పుస్తకం ఏ బీరువాలో ఉందో జాబితా చూసి చెప్పగలిగే ఏర్పాటు ఉంటుంది. మన డిజిటల్ పాఠాలకు మాత్రం ‘ఫిజిక్స్ టెన్త్ పార్ట్ 2 ఫైనల్’ అన్న పేరే వివరం, అదే విలాసం. అది ఏ పాఠ్యపుస్తకానికి చేసినదో, ఏ సంవత్సరం ముద్రణకు సరిపోతుందో, తెలుగు మాధ్యమమా ఇంగ్లీషు మాధ్యమమా అన్నది తెరిచి చూస్తే తప్ప తెలియదు. 2020–21లో తగ్గించిన సిలబస్ ప్రకారం హడావిడిగా చేసిన పాఠాలు కూడా ఇవాళ్టికీ అదే వరుసలో, ఏ హెచ్చరికా లేకుండా కనిపిస్తున్నాయి.

ఇందుకు ప్రతి పాఠం వివరాలూ నమోదుచేసే ఒక వివరపత్రం కావాలి. 1995లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం డబ్లిన్‌లో జరిగిన సమావేశంతో రూపుదిద్దుకున్న ‘డబ్లిన్ కోర్’ పద్ధతిలో పదిహేను అంశాలు ఉంటాయి. శీర్షిక, కర్త, విషయం, తేదీ, భాష, హక్కులు వంటివన్నీ అందులో ఉన్నాయి, వాటిని అలాగే తీసుకోవచ్చు. వాటికి మనం చేర్చవలసినవి: తరగతి, పాఠం, పుస్తకంలో పేజీ సంఖ్య, ఏ అభ్యసన ఫలితానికి ఉద్దేశించినది, నిడివి, ఫైలు ఎన్ని ఎంబీలు, చివరిసారి ఎవరు ఎప్పుడు పరిశీలించారు. ఎంబీల గడిని చిన్న విషయమని కొట్టేయకండి. మా పిల్లల్లో చాలామందికి ఫోన్ అంటే సాయంత్రం నాన్న పని నుంచి వచ్చాక చేతికందేది, అప్పటికి ఆ రోజు డేటాలో మిగిలినదే వాళ్లకు మిగిలేది. 400 ఎంబీల వీడియోకూ 30 ఎంబీల వీడియోకూ మధ్య ఎంచుకునే అవకాశం తెరవకముందే వాళ్లకు ఉండాలి.

వెతికే పదాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పుస్తకాలు వచ్చాక ఒకే తరగతిలో ఒకరు ‘కుంభాకార కటకం’ అనీ ఇంకొకరు ‘కాన్వెక్స్ లెన్స్’ అనీ వెతుకుతారు, అందులో సగంమంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేస్తారు. ఏ రూపంలో వెతికినా ఒకే చోటికి చేర్చే పదజాబితా ప్రతి పాఠానికీ ఒకటి తయారుచేసి వివరపత్రానికి కలపాలి. ఒక్కసారి చేస్తే అన్ని వనరులకూ పనికొస్తుంది.

ఇంతకన్నా మొండి సమస్య ఫాంట్లది. పాత పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లలో, స్టడీ మెటీరియళ్లలో చాలా వాటిని యూనికోడ్ (ప్రతి భాష అక్షరాలనూ ఏ కంప్యూటరైనా గుర్తించే ప్రామాణిక సంకేత పద్ధతి) కాని ‘అను’ వంటి ఫాంట్లతో కూర్చారు. వాటిలోంచి ఒక తెలుగు వాక్యం కాపీ చేసి వేరేచోట పెడితే అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ వస్తాయి. కంటికి తెలుగే, కంప్యూటరుకు మాత్రం అది తెలుగు కాదు. అందుకే ఏ వెతుకులాటలోనూ ఆ పేజీలు దొరకవు. చూపు లేని విద్యార్థి ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ వాటిని చదవలేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, దివ్యాంగ బాలల కోసం ఇ-కంటెంట్ ఎలా తయారుచేయాలో చెప్పే మార్గదర్శకాలను కేంద్ర విద్యాశాఖ 2021లో విడుదల చేసింది. అయినా యూనికోడ్‌లో లేని పీడీఎఫ్ ఇవాళ్టికీ ‘డిజిటల్ పుస్తకం’గానే లెక్కలోకి వస్తోంది. ఇకపై యూనికోడ్ పాఠ్యం లేని ఫైలును, తెలుగు ఉపశీర్షికలు లేని వీడియోను స్వీకరించబోమని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. పాతవాటిని ముందు ఎక్కువగా వాడే తరగతుల నుంచి మొదలుపెట్టి మార్చుకుంటూ వెళ్లవచ్చు.

తీసేయడం గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే నివేదికలో ‘ఇన్ని వీడియోలు తయారుచేశాం’ అని రాయడం సులువు, ‘ఇన్ని తీసేశాం’ అని రాయడం కష్టం. కానీ వెబ్‌లో ఏదీ పెట్టిన చోట పెట్టినట్టు ఉండదు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోవడం లేదని ప్యూ పరిశోధన సంస్థ 2024లో తేల్చింది. 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ ఫ్లాష్‌కు స్వస్తి చెప్పినప్పుడు, దాని మీద ఆధారపడిన సైన్స్ యానిమేషన్లు బ్రౌజర్లలో ఆగిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024–25 నుంచి పదో తరగతి పుస్తకాలు మారాయి. పాత పుస్తకానికి చేసిన వీడియో తప్పేమీ కాకపోవచ్చు, కానీ అది ఏ పుస్తకానిదో చెప్పని వీడియో పిల్లవాణ్ని పరీక్షకు ముందు తప్పుదోవ పట్టిస్తుంది. ‘దీక్ష’ క్యూఆర్ కోడ్‌లో ఒక మంచి సదుపాయం ఉంది. పుస్తకంలో అచ్చయిన ఆరు అక్షరాల కోడ్ మారకుండానే దాని వెనకనున్న పాఠాన్ని మార్చవచ్చు. ఆ సదుపాయాన్ని వాడుకోవాలంటే ఫలానా తరగతి ఫలానా సబ్జెక్టు కోడ్‌లకు ఫలానా అధికారి బాధ్యులని ఎక్కడో రాసి ఉండాలి. ప్రతి ఏప్రిల్‌లో ఒకసారి కోడ్‌లన్నీ స్కాన్ చేసి చూసే పని ఆ అధికారి విధుల్లో చేర్చాలి.

హక్కుల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో చర్చించవలసింది పెద్దగా లేదు. ప్రజాధనంతో చేసిన పాఠాన్ని ముక్క కోసి వాడుకోవచ్చా, పెన్‌డ్రైవ్‌లో పక్క ఊరి బడికి ఇవ్వవచ్చా, గొంతు మార్చి ఇంకో మాధ్యమంలో చెప్పవచ్చా అన్నది చాలా వీడియోల మీద రాసి ఉండదు. ఎన్‌సీఈఆర్‌టీ భాండాగారం క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వనరులను ఇస్తోంది. స్వేచ్ఛా విద్యా వనరులను ప్రోత్సహించాలని 2019 నవంబరులో యునెస్కో సిఫారసు చేసింది. మీ పాఠాలన్నిటికీ అదే లైసెన్సు ప్రకటించండి. ప్యానెళ్లతో, ట్యాబులతో పాటు ప్రైవేటు సంస్థల నుంచి కొనే కంటెంట్‌కు కూడా పైన చెప్పిన పరిశీలనే వర్తించాలి, బిల్లు చెల్లించకముందే వర్తించాలి.

ఈ పని ఎవరు చేస్తారన్నది సహజంగా మీరు అడిగే ప్రశ్న. మా అంతట మేమే చేస్తాం, కానీ ఒక షరతు మీద. ‘ప్రతి ఉపాధ్యాయుడూ శనివారం సాయంత్రంలోగా అయిదు వీడియోలను సమీక్షించి గూగుల్ ఫారం నింపి స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టవలెను’ అన్న సర్క్యులర్ రూపంలో మాత్రం ఇది రాకూడదు. అలా వస్తే ఏం జరుగుతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. దాని బదులు ఒక్కో స్కూల్ కాంప్లెక్స్‌కు (దగ్గరి బడుల సముదాయానికి) ఒక్కో పాఠం అప్పగించండి. కాంప్లెక్స్ సమావేశాల్లో ఆ సబ్జెక్టు వాళ్లం కలిసి చూసి, తరగతిలో పెట్టి, రాసి ఇస్తాం. డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) అధ్యాపకులు వాటిని క్రోడీకరించి, విషయ శుద్ధి కోసం విశ్వవిద్యాలయ అధ్యాపకుల చేత ఒకసారి చూపించాలి. పాల్గొన్నవారికి ఆన్ డ్యూటీ సదుపాయం, గౌరవ పారితోషికం ఇచ్చి, సమీక్ష కింద వారి పేరూ తేదీ ప్రచురించండి. పేరు పెట్టి రాసేటప్పుడు ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకునే రాస్తారు.

రెండు రాష్ట్రాలకూ కలిపి లేఖ రాయడానికి కారణం ఉంది. విభజన నాటికి మన రెండు రాష్ట్రాల పిల్లలూ ఒకే పుస్తకాలు చదివారు. ఇప్పుడు పుస్తకాలు వేరైనా కృష్ణకు అటూ ఇటూ కటక సూత్రం మారలేదు, అది చెప్పే భాషా మారలేదు. వివరపత్రం నమూనా రెండు చోట్లా ఒకటే అయితే, ఒక రాష్ట్రంలో పరిశీలించిన పాఠాన్ని ఇంకో రాష్ట్రం తన పుస్తకపు పేజీ సంఖ్య మాత్రం చేర్చుకుని వాడుకోగలదు. తమిళనాడులో, కర్ణాటకలో, ఒడిశాలో తెలుగులో చదువుకునే పిల్లలకు కూడా అదే జాబితా అందుతుంది.

మొదటి ఏడాదే అన్ని తరగతులూ ముట్టుకోనక్కరలేదు. పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో కాంతికి సంబంధించిన పాఠాలతో మొదలుపెట్టి, వేసవి శిక్షణ నాటికి పరిశీలనలు పూర్తిచేస్తే జూన్‌లో బడులు తెరిచే రోజుకు ఆ పాఠాల వరకైనా ఒక నమ్మకమైన జాబితా చేతిలో ఉంటుంది. మా కాంప్లెక్స్‌లోని సైన్స్ ఉపాధ్యాయులం ఈ పనిలో పాల్గొనడానికి సిద్ధంగా ఉన్నాం. మేము తయారుచేసుకున్న వివరపత్రం, పరిశీలన పత్రం నమూనాలను మీ కార్యాలయాలకు విడిగా పంపుతున్నాం. వాటిలో మార్పులు సూచించి, ఈ పనికి బాధ్యులైన అధికారి ఎవరో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల భౌతిక రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడు